కోల్డ్ స్టోరేజీ కట్టడానికి స్ప్రింట్లు పనికొస్తాయా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది గుంటూరు. మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేస్తున్నాను. మాకు పాత స్టోరేజీ ఒకటి ఉంది, దాని లెక్కలన్నీ పుస్తకాల్లోనే. ఇప్పుడు రెండోది కడుతున్నాం. పునాదులు అయిపోయాయి, వచ్చే నెల చాంబర్ల ఫ్లోర్ పని మొదలవుతుంది. ఫిబ్రవరికల్లా కొత్త సరుకు లోపలికి వెళ్లాలి. దీంతోపాటే టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, బాండ్లు (సరుకు నిల్వ పెట్టినందుకు ఇచ్చే రసీదులు), రైతులకు మెసేజ్‌లు, చాంబర్ ఉష్ణోగ్రతలు అన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్ పని హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇచ్చాం. మా ఎండీ గారు ఒక సెమినార్‌కి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి మొత్తం ప్రాజెక్టును ఎజైల్‌గా, అంటే కొద్దికొద్దిగా చేసి చూపించి దిద్దుకుంటూ, రెండేసి వారాల స్ప్రింట్లలో (విడతల్లో) నడపమంటున్నారు. సివిల్ కాంట్రాక్టరేమో డ్రాయింగ్ మారదని సంతకం పెట్టిస్తేనే పని ముందుకు కదులుతుందంటున్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లను ఏ తేదీకి ఏమిస్తారో రాసివ్వమంటే, ముందే అన్నీ చెప్పలేం అంటున్నారు. నేను పీఎంపీ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పరీక్షకి చదువుతున్నాను. పుస్తకంలో హైబ్రిడ్ (రెండు పద్ధతులూ కలిపి) అని ఉంది గానీ రేపు పొద్దున సైట్‌లో ఏం చేయాలో లేదు. నేను ఏ పద్ధతి పట్టుకోవాలి? ఎండీ గారికి ఎలా చెప్పాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

మీ కాంట్రాక్టర్ చెప్పేది సరైన మాటే. సాఫ్ట్‌వేర్ వాళ్లు చెప్పేదీ సరైన మాటే. ఎవరి పని ఎలాంటిదో వాళ్లు చెబుతున్నారు. చిక్కల్లా ఆ రెండు పనులనూ ఒకే ప్రాజెక్టు పేరు కింద రాసి, రెండింటికీ ఒకే పద్ధతి పెట్టాలనుకోవడంలో వచ్చింది. కాబట్టి మొత్తం ప్రాజెక్టుకి ఏ పద్ధతి అనే ప్రశ్నను పక్కన పెట్టేయండి. పనులను విడివిడిగా ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని ముందూ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది అయిపోయాక మార్చాలంటే ఎంత డబ్బు, ఎన్ని రోజులు పోతాయి? మనం సరిగ్గా చేశామో లేదో ఎప్పుడు తెలుస్తుంది?

మారిస్తే నడ్డి విరుగుతుంది, పైగా ఏం కావాలో ఇప్పుడే స్పష్టంగా తెలుసు అంటే ఆ పనికి ముందే పూర్తిగా ప్లాన్ వేసుకోవాలి. ప్రెడిక్టివ్ అంటే ఇదే. మార్చడం తేలిక, కానీ వాడి చూస్తే తప్ప ఏం కావాలో తెలియదు అంటే కొద్దికొద్దిగా చేసి, చూపించి, దిద్దుకుంటూ పోవాలి. అది అడాప్టివ్. ఈ రెండు కొసలూ తేలిగ్గానే తేలిపోతాయి. మార్చడం కష్టమై, ముందే తెలియడమూ కష్టమైన పనులు కొన్ని మధ్యలో ఉంటాయి. మీ ప్రాజెక్టులోనూ ఉన్నాయి. మీకు నిద్ర పట్టనివ్వనిది అవే అనుకుంటాను. వాటి సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందుగా మీ ఎండీ గారి ఆలోచన గురించి ఒక మాట. ప్లాన్ వేసుకుని చేయడం పాత పద్ధతి, ఎజైల్ కొత్త పద్ధతి అని చాలామంది అనుకుంటారు. సెమినార్లలో అలాగే చెబుతారు. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజనీర్ పెద్ద సాఫ్ట్‌వేర్ల తయారీ మీద ఒక పత్రం రాశారు. అవసరాలు, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ అంటూ మెట్లు మెట్లుగా కిందికి దిగే బొమ్మ అందులో ఉంది. ఆ తర్వాత లోకమంతా దానికే వాటర్‌ఫాల్ అని పేరు పెట్టింది. కానీ ఒక్క వరసలో అలా దిగిపోవడం ప్రమాదమని, టెస్టింగ్ దాకా వచ్చాకే అసలు సంగతి బయటపడుతుందని ఆయనే అదే పత్రంలో రాశారు. అంటే, పెద్ద సాఫ్ట్‌వేర్‌కి ఒక్క వరసలో దిగిపోవడం సరిపడదని దాని బొమ్మ గీసినాయనకే తెలుసు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది కూర్చుని రాసుకున్న ఎజైల్ ప్రకటన కూడా సాఫ్ట్‌వేర్ తయారీ గురించే. ప్లాన్ వద్దని అందులో ఎక్కడా లేదు. ప్లాన్‌కీ విలువ ఉంది, మార్పుకు తగ్గట్టు నడుచుకోవడానికి ఇంకా ఎక్కువ విలువిస్తాం అన్నారు, అంతే. ఎండీ గారు సెమినార్‌లో విన్నది తప్పు కాదు. దాన్ని కాంక్రీటు దాకా లాక్కురావడంతోనే ఇబ్బంది.

ఇక మీ సైట్‌కి వద్దాం.

చాంబర్ ఫ్లోర్ పోసే పనినే చూడండి. కింద కాంక్రీటు, దాని మీద తేమ పైకి రాకుండా షీటు, దాని మీద ఇన్సులేషన్, మళ్లీ పైన కాంక్రీటు. పై పొర పడ్డాక కిందివాటిని ఎవరూ ముట్టుకోలేరు. గోడలకు పఫ్ ప్యానెళ్లు (లోపల ఫోమ్ ఉన్న ఇన్సులేషన్ పలకలు) బిగించాకా అంతే. అమ్మోనియా కంప్రెషర్లు ఆర్డర్ పెడితే రావడానికి నెలలు పడుతుంది. చాంబర్ సైజు తేలాకే వాటి కెపాసిటీ తేలుతుంది, ఒకసారి ఆర్డర్ వెళ్లాక చాంబర్ సైజు మార్చడానికి లేదు. హెచ్‌టీ (హైటెన్షన్) కరెంటు కనెక్షన్, ట్రాన్స్‌ఫార్మర్, ఫైర్ అనుమతి, లైసెన్సులు. వీటి తేదీలు మన చేతుల్లో ఉండవు, అందుకే మిగతావాటికంటే ముందు మొదలుపెట్టాలి. వీటికి రెండు వారాల స్ప్రింట్లు పెడితే ఒరిగేదేమీ లేదు. కాంట్రాక్టర్ అడుగుతున్న సంతకం న్యాయమైనదే, పెట్టించండి.

అయితే ఆ ప్లాన్‌ను ఇవాళ్టి నుంచి ముందుకు లెక్కపెట్టకండి. మొదటి టిక్కీ లోపలికి వెళ్లే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. చాలామంది మేనేజర్లు ఇక్కడే ఒక పనిని మర్చిపోతారు. కొత్తగా కట్టిన చాంబర్‌ను మిషన్ ఆన్ చేసి ఒక్కరోజులో చల్లబరచకూడదు. ఉష్ణోగ్రతను కొద్దికొద్దిగా, రోజుల తరబడి దించుకుంటూ రావాలి, లేకపోతే కాంక్రీటు పగుళ్లు ఇస్తుంది. ఆ రోజులు, మిషన్ల టెస్టింగ్ రోజులు, కరెంటు ఆలస్యమైతే పట్టే రోజులు అన్నీ ఫిబ్రవరి నుంచి వెనక్కి తీసేయండి. అప్పుడు మీకు కనిపించే గడువు ఫిబ్రవరి కాదు, డిసెంబరే. ఈ విషయాన్ని ఎండీ గారికి ఒక్క పేజీలో చూపిస్తే, డ్రాయింగ్ ఎందుకు ఇప్పుడే ఖాయం కావాలో వేరే చెప్పనక్కర్లేదు.

డ్రాయింగ్ ఖాయం చేశామంటే సివిల్ పనిని గాలికి వదిలేసినట్టు కాదు. డ్రాయింగ్ మారదు గానీ రోజువారీ పని మారుతుంది. వాన పడుతుంది, కూలీలు పండక్కి వెళతారు, స్టీలు లారీ ఆగిపోతుంది. ప్రతి సోమవారం మేస్త్రీలను, ఎలక్ట్రీషియన్‌ను, ప్యానెళ్లు బిగించేవాళ్లను కూర్చోబెట్టి రాబోయే మూడు వారాల పని మాట్లాడించండి. ఏ పనికి ఏ అడ్డు ఉందో వాళ్ల నోటితోనే చెప్పించి, ఆ అడ్డు తీయడం మీ పని చేసుకోండి. ఎండీ గారు కోరుకునే చురుకుదనంలో చాలా భాగం ఇక్కడే వచ్చేస్తుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. మీరు ఆ కంపెనీకి ఇచ్చిన అవసరాల పత్రంలో ఒక లాటుకు ఒక యజమాని అని ఉండే ఉంటుంది. రాసేటప్పుడు ఎవరైనా అలాగే రాస్తారు. ఇప్పుడు మీ పాత స్టోరేజీ పెద్ద గుమాస్తా పక్కన ఒక పూట కూర్చోండి. ఒక రైతు 60 టిక్కీల తేజ రకం మిర్చి తెచ్చి పెట్టాడనుకుందాం. బాండు ఆయన పేరు మీదే, దాన్ని బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్నాడు. జులైలో ధర బాగుందని 25 టిక్కీలు ఒక వ్యాపారికి అమ్మాడు. సరుకు చాంబర్‌లోంచి అంగుళం కదలలేదు, పేరు మాత్రం మారింది. ఆ వ్యాపారి 10 టిక్కీలు బయటికి తీసి, మిగతా 15 ఇంకొకరికి అమ్మాడు. ఇప్పుడు ఆ 15 టిక్కీల అద్దె ఎవరు కట్టాలి, ఎప్పటి నుంచి? బ్యాంకు అప్పు కొంతే తీరితే ఎన్ని టిక్కీలు వదలొచ్చు? ర్యాకులో అడుగున ఉన్నవి ఎవరివి, పైన ఉన్నవి ఎవరివి? ఇలాంటివన్నీ గుమాస్తా బుర్రలో, పుస్తకం అంచున పెన్సిల్‌తో రాసుకున్న గుర్తుల్లో ఉంటాయి. ఆయన్ని అవసరాలు చెప్పమని అడిగితే చెప్పలేడు. దాచిపెట్టి కాదు, స్క్రీన్ మీద తప్పు కనిపించే దాకా అది చెప్పాల్సిన విషయమని ఆయనకే తట్టదు. అందుకే ముందే అన్నీ చెప్పలేం అని మీ సాఫ్ట్‌వేర్ వాళ్లు అంటే నమ్మండి. మన దేశమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు మామూలు వ్యాపారులు నెలకు మూడు ఫారాలు వేయాలన్నది అసలు డిజైన్. అదే ఏడాది నవంబరుకల్లా అందులో రెండింటిని పక్కన పెట్టేశారు. తాత్కాలికంగా తెచ్చిన 3బీ అనే ఫారమే ఇప్పటికీ నడుస్తోంది. అసలు డిజైన్‌నే నమ్ముకుని మొత్తం ఒకేసారి కట్టిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఆ నెలల్లో నలిగిపోయి ఉంటుంది. కొద్దికొద్దిగా కట్టుకుంటూ వచ్చినవి మార్పులను తట్టుకోగలిగి ఉంటాయి.

కానీ ఇక్కడ మీ సాఫ్ట్‌వేర్ వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది, అది మీరే చెప్పాలి. కొద్దికొద్దిగా చేసి చూపించే పద్ధతికి ప్రాణం వాడేవాళ్ల దగ్గర్నుంచి వెంటనే వచ్చే సమాధానం. మిర్చిలో సరుకు లోపలికి వచ్చేది ఏడాదికి ఒక్క సీజనే. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో యార్డు నుంచి లారీలు బారులు తీరి ఉంటే, గేటు దగ్గర గుమాస్తాకు నీళ్లు తాగే తీరిక ఉండదు. ఆ రోజుల్లో కొత్త స్క్రీన్ పెట్టి 'ఎలా ఉందండీ' అని అడిగే వీలే లేదు. సరుకు లోపలికి తీసుకునే స్క్రీన్‌లో పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి మళ్లీ ఏడాది ఆగాలి. సరుకు బయటికి వెళ్లడం అలా కాదు, అది ఏడాది పొడవునా సాగుతూనే ఉంటుంది. మీ పాత స్టోరేజీలో ఇవాళ కూడా టిక్కీలు బయటికి వెళుతూ ఉంటాయి, పేర్లు మారుతూ ఉంటాయి.

కాబట్టి సాఫ్ట్‌వేర్ పనుల వరస మార్పించండి. మామూలుగా ఎవరైనా లోపలికి తీసుకునే స్క్రీన్‌తో మొదలుపెడతారు, సరుకు ముందు లోపలికే వస్తుంది కదా అని. మీరు సరుకు విడుదల, పేరు మార్పిడి, అద్దె లెక్క ముందు చేయించండి. ఒక్క చాంబర్ సరుకు వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, పాత స్టోరేజీలో వచ్చే నెల నుంచే నిజం సరుకు మీద వాడించండి. రెండు వారాలకొకసారి చూసి దిద్దుకోండి. ఇక్కడ స్ప్రింట్లు అద్భుతంగా పనిచేస్తాయి, ఎండీ గారికి చూపించడానికి కూడా బాగుంటుంది. డిసెంబరు నాటికి ఆ భాగం గట్టిపడితే, లోపలికి తీసుకునే స్క్రీన్‌ను జనవరిలో ఖాళీ లారీతో, పాత టిక్కీలతో, హమాలీలను పెట్టి రిహార్సల్ చేయించండి. పగలు ఒకసారి, రాత్రి లైట్ల కింద ఒకసారి, నెట్ తీసేసి ఒకసారి. ఆ రిహార్సల్ అయ్యాక సీజన్ ముగిసేదాకా ఆ స్క్రీన్‌ను ఎవరూ మార్చకూడదు. అది అడాప్టివ్‌గా మొదలై, జనవరి ఆఖరుకి ప్రెడిక్టివ్ అయిపోయే పని. పుస్తకాల్లో ఇంత సూటిగా రాయరు గానీ, ఒకే పని కూడా మధ్యలో పద్ధతి మార్చుకుంటుంది.

డబ్బూ చట్టమూ ముడిపడిన భాగాన్ని మాత్రం మొదటి నుంచీ ఖాయంగా ఉంచండి. బ్యాంకులో తాకట్టు ఉన్న టిక్కీలను బ్యాంకు అనుమతి లేకుండా సాఫ్ట్‌వేర్ వదలకూడదు. ఈ నియమాన్ని వాడి చూసి నేర్చుకుందాం అనడానికి లేదు. బ్యాంకు వాళ్లతో, మీ ఆడిటర్‌తో కూర్చుని రెండు పేజీల్లో రాయించి, సంతకాలు పెట్టించి, ఆ ప్రకారమే కట్టించండి. ప్రతి విడుదలకు ముందూ ఆ భాగాన్ని మళ్లీ మొదటి నుంచి టెస్ట్ చేయించండి. ఒక రైతు సరుకు పొరపాటున వేరేవాళ్లకు వెళ్లిపోతే ఆ ఇంట్లో ఏడాది కష్టం పోయినట్టు. తర్వాతి స్ప్రింట్‌లో సరిచేస్తాం అంటే అక్కడ కుదరదు.

ఇప్పుడు మధ్యలో ఉంటాయన్న పనుల దగ్గరికి వద్దాం. మారిస్తే ఖరీదు, ముందే తెలియడమూ కష్టం అన్నవి. చాంబర్‌లో ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సార్లు ఎక్కడ పెట్టాలి? ఎన్ని పెట్టాలి? సాఫ్ట్‌వేర్ వాళ్లను అడిగితే అది నాలుగో స్ప్రింట్‌లో చూద్దాం అంటారు. వాళ్ల వైపు నుంచి సబబే. కానీ ఆ సెన్సార్ల వైర్లు ప్యానెల్ గోడల్లోంచి పోవాలి. నాలుగో స్ప్రింట్ వచ్చేసరికి గోడలు మూసేసి ఉంటాయి. అప్పుడు డ్రిల్లు పెట్టి రంధ్రం చేస్తే దాని చుట్టూ తేమ లోపలికి చేరుతుంది, కొన్నాళ్లకు ఇన్సులేషన్ తడిసి పనికిరాకుండా పోతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. మిర్చికి తేమ ఎంత చేటో మీకు నేను చెప్పాలా? గేటు దగ్గర వేయింగ్ మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపే కేబుల్, లోపల వైఫై పరికరాల చోట్లు, ర్యాకులకు నంబర్లు వేసే విధానం కూడా ఇలాంటివే. హైబ్రిడ్ అనుకున్న ప్రాజెక్టులు చెడిపోయేది చాలాసార్లు ఇలాంటి అతుకుల దగ్గరే. రెండు వైపులా ఎవరి పని వాళ్లు చక్కగానే చేస్తుంటారు, అతుకును మాత్రం ఎవరూ తమది అనుకోరు.

సిడ్నీ ఒపేరా హౌస్ కథ మీరు వినే ఉంటారు. ఆలస్యానికీ ఖర్చుకూ ఉదాహరణగా అందరూ చెబుతారు. 1957లో డిజైన్ ఎంపికైంది, 1963కి పూర్తవుతుందనుకున్నారు, 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు సమానమైన ఖర్చన్నారు, చివరికి 1973లో తెరిచేసరికి 10 కోట్ల 20 లక్షలైంది. మీకు పనికొచ్చే సంగతి ఆ అంకెల్లో లేదు. పైకప్పు ఏ ఆకారంలో, ఎంత బరువుతో ఉంటుందో తేలకముందే 1959లో కింది కట్టడం మొదలుపెట్టేశారు. ఆ పైకప్పు లెక్క 1961 దాకా కుదరలేదు. తీరా చూస్తే, కట్టిన స్తంభాలు ఆ బరువును మోయలేవని తేలి, మళ్లీ కట్టాల్సి వచ్చింది. ప్రయోగాలు చేసుకుంటూ పోవాల్సిన భాగాన్నీ ఒకసారి పోస్తే మార్చలేని భాగాన్నీ కలిపే చోట ఎవరూ ఆగి ఆలోచించకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అది.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, అతుకు దగ్గరి నిర్ణయాన్ని సాఫ్ట్‌వేర్ వరస ప్రకారం కాకుండా సివిల్ తేదీ ప్రకారం ముందుకు లాగడం. సెన్సార్ల చోట్లు ఈ నెలలోనే తేల్చాలి, స్క్రీన్ ఎప్పుడు చేసినా ఫర్వాలేదు. రెండోది, ఇప్పుడు తేల్చలేకపోతే వెసులుబాటును డబ్బిచ్చి కొనుక్కోవడం. ప్రతి చాంబర్‌కూ అవసరం అనుకున్న వాటికంటే రెండు మూడు పైపులు ఎక్కువగా గోడలోంచి తీయించి, రెండు కొసలూ గట్టిగా సీల్ చేయించి వదిలేయండి. వాడుకుంటారో లేదో తర్వాత సంగతి. కాంట్రాక్టర్ అనవసర ఖర్చు అంటాడు. కట్టేసిన గోడకు రంధ్రం చేసే ఖర్చు ముందు అది చాలా చిన్నది. నాకైతే రెండో మార్గమే ఎక్కువ నచ్చుతుంది. తెలియని విషయాన్ని తెలిసినట్టు నటించి ఇప్పుడే నిర్ణయం తీసుకోవడం కంటే అది నిజాయితీగా ఉంటుంది.

ఇలాంటి అతుకులను వెతకడం మీ పని, ఇంకెవరి పనీ కాదు. కాంట్రాక్టర్ దగ్గరి తేదీలన్నీ ఒక వరసలో, సాఫ్ట్‌వేర్ వాళ్ల పనులన్నీ ఇంకో వరసలో గోడ మీద అంటించండి. ఏ పని ఏ తేదీకి అడ్డుపడుతుందో దారంతో కలపండి. ప్రతి దారానికీ ఒక మనిషి పేరు రాయండి. ఎక్సెల్‌లో కూడా చేయొచ్చు గానీ, సైట్ ఆఫీసు గోడ మీద ఉంటే మేస్త్రీ కూడా చూస్తాడు.

ఇక మీరు నేరుగా అడగకపోయినా ఈ ఉత్తరంలో నాకు కనబడినది, కాంట్రాక్టు. సాఫ్ట్‌వేర్ కంపెనీ తేదీలు రాసివ్వనంటోంది, మీ ఎండీ గారు బహుశా మొత్తానికి ఒకే ధర మాట్లాడి ఉంటారు. ధర ఖాయం, పని మాత్రం మారుతూ ఉండాలి అంటే ఆ కంపెనీ ఏదో ఒక రోజు నాణ్యత తగ్గించి సరిపెట్టుకుంటుంది. అలాకాకుండా ఒప్పందాన్ని రెండుగా విడగొట్టండి. బాండు, తాకట్టు, అద్దె లెక్కలు ఖాయమైన ధరకు, ఖాయమైన తేదీకి. మిగతావన్నీ నెలకు ఇంత అని, మొత్తం మీద ఇంతకు మించకూడదనే పరిమితితో. ఏ నెలాఖరుకైనా ఆపేసే హక్కు మీకుండాలి, అప్పటిదాకా రాసిన కోడ్ మీ చేతికి రావాలి. నెల డబ్బు ఇచ్చేముందు మీ గుమాస్తా వాడి చూసి సరే అనాలి. ఆయన సరే అనకముందు హైదరాబాద్‌లో ఎన్ని డెమోలు జరిగినా లెక్కలోకి రాదు.

ఆ గుమాస్తా గారి గురించి ఇంకొంచెం గట్టిగా చెబుతాను. అడాప్టివ్ పద్ధతి ఎంచుకుంటే, రోజూ నిర్ణయాలు చెప్పగలిగిన మనిషి ఒకరు అందుబాటులో ఉండాలి. అలాంటివాళ్లు లేకపోతే ఆ పద్ధతి వద్దే వద్దు. మీ ప్రాజెక్టులో ఆ మనిషి ఎండీ గారు కాదు, పెద్ద గుమాస్తా గారే. వారానికి రెండు పూటలు ఆయన్ని పాత పని నుంచి విడిపించి, ఆ పని చేయడానికి ఇంకొకరిని పెట్టమని ఎండీ గారిని అడగండి. అది ఇవ్వలేమంటే స్ప్రింట్ల మాట ఎత్తకపోవడమే మేలు. ఇంకో సంగతి, వయసులో పెద్దవాళ్లను కుర్రాళ్లు స్క్రీన్ ముందు కూర్చోబెట్టి తప్పులు చెప్పమంటే, మొహమాటానికి బాగుంది బాబూ అనేస్తారు. మీరు పక్కన కూర్చుని, మన పాత పుస్తకంలో దీన్ని ఎక్కడ రాస్తారండీ అని అడగండి. అప్పుడు ఒక్కొక్కటీ బయటికి వస్తాయి.

ఎండీ గారితో మాట్లాడేటప్పుడు ఎజైల్ వద్దు అనకండి. ఆయన అడుగుతున్నది నిజానికి రెండు వారాలకోసారి కళ్లకు కనిపించే పురోగతి. అది ఆయనకు దక్కాల్సిందే. పాత స్టోరేజీలో నిజం సరుకు మీద నడిచే స్క్రీన్‌ను రెండు వారాలకోసారి చూపిస్తామని, సివిల్ పనికి మాత్రం తేదీల చార్టు, అడ్డంకుల జాబితా ఇస్తామని చెప్పండి. రెండింటినీ కలిపి ప్రాజెక్టు 60 శాతం అయిందని ఎప్పుడూ రాయకండి. ఫ్లోర్ 60 శాతం అయిందంటే ఒక అర్థం ఉంది. సాఫ్ట్‌వేర్ 60 శాతం అయిందంటే ఏ అర్థమూ లేదు, గుమాస్తా వాడగలిగే పనులు ఎన్ని ఉన్నాయన్నదే అక్కడ లెక్క. ఆ రెంటినీ సగటు వేస్తే జనవరిలో ఎండీ గారు మీ మీద నమ్మకం పోగొట్టుకుంటారు.

పీఎంపీ చదువు ఆపకండి. 2021లో ఆ పరీక్ష మారినప్పటి నుంచి ఎజైల్, హైబ్రిడ్ మీద ప్రశ్నలు చాలా వస్తున్నాయి. మీరు ఇప్పుడు పడుతున్న పాట్లే వాటికి మంచి ప్రాక్టీసు.

చివరిగా సీజన్ మొదలయ్యే రోజు గురించి. ఎంత చేసినా ఫిబ్రవరికి సాఫ్ట్‌వేర్ పూర్తిగా కుదురుకోకపోవచ్చు. భవనం మాత్రం సిద్ధంగా ఉండాలి, అందులో రాజీ లేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పనిసరి అనుకున్నవి మూడే ఉంచండి: టిక్కీ లోపలికి తీసుకోవడం, బాండు ఇవ్వడం, తాకట్టు గుర్తు పెట్టడం. రైతులకు మెసేజ్‌లు, ఎండీ గారి ఫోన్‌లో గ్రాఫులు ఏప్రిల్ తర్వాత వచ్చినా ఎవరికీ నష్టం లేదు. మొదటి సీజన్ అంతా పుస్తకం కూడా రాయించండి. గుమాస్తాలు రెండు పనులని సణుగుతారు, ఆ నెలలకు ఒక మనిషిని అదనంగా తీసుకోండి. ప్రతి రాత్రీ గేటు మూశాక పుస్తకంలోని మొత్తం టిక్కీలు, కంప్యూటర్‌లోని మొత్తం టిక్కీలు సరిపోయాయో లేదో చూసి ఇద్దరూ సంతకం పెట్టాలి. తేడా వస్తే ఆ రాత్రే తేల్చాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు. వరసగా నెల రోజులు తేడా లేకుండా వచ్చాక, పుస్తకం ఆపే సంగతి గుమాస్తా గారినే చెప్పనివ్వండి.